ఖాజాగూడ రాతిలో సముద్రం

ఆగస్టు 19, మంగళవారం

అవుట్‌రీచ్ చెయ్యమన్నారు. ఆ మాట వింటేనే నాకు తలనొప్పి.

పట్టాభిరామయ్య గారు మా భూకంపాల డివిజన్ హెడ్. గదిలోకి పిలిచి, ఖాజాగూడ బస్తీ నుంచి కంప్లయింట్ వచ్చిందమ్మా రసజ్ఞా, ఓసారి వెళ్ళి మన పనేమిటో వాళ్ళకి చెప్పి రా, ప్రజల డబ్బుతో నడిచే సంస్థ, చెప్పుకోవాల్సిన బాధ్యత మనదే కదా అన్నారు. ఆయన కోప్పడరు. అదే వచ్చిన చిక్కు. కోప్పడే మనిషైతే నేనూ రెండు మాటలు అనేదాన్ని.

కంప్లయింట్ ఏమిటంటే, మా మిషన్ భూమిని ఊపుతోందట. అది పెట్టిన దగ్గర్నుంచి ఇళ్ళలో గిన్నెలు కదులుతున్నాయట.

ఆ మిషన్ నాది. అంటే నా ప్రాజెక్టుది. సీస్మోమీటర్. ఖాజాగూడ చెరువు వెనక రాళ్ళగుట్ట మీద, ప్రెషర్ కుక్కర్ అంత పెట్టె. రాయి కదలికల్ని వినడమే దాని పని, కదిలించడం దానికి చేతకాదు. అవతల పెద్ద టవర్ కోసం పునాది తవ్వుతూ రాయి పేలుస్తున్నారు. గిన్నెలు కదిలేది అందుకు. రెండూ ఒకే నెలలో మొదలయ్యాయి. కాకి వాలింది, తాటిపండు పడింది, తిట్లన్నీ కాకికి.

నాకు కావలసింది ఒక్కటే. ఏడాది పాటు, ఒక్క పూట కూడా తెగకుండా ఆ రాయిని వినాలి. వచ్చే ఏప్రిల్ దాకా. ప్రపోజల్‌లో అఖండ రికార్డు అని గొప్పగా రాసింది నేనే. అది చూసే శాంక్షన్ చేశారు. ఇప్పుడు మిషన్ తీసెయ్యమంటే నేనేం కావాలి?

ఆగస్టు 24, ఆదివారం

బస్తీ కమ్యూనిటీ హాల్లో మీటింగ్. ఆదివారమైతేనే మనుషులు దొరుకుతారన్నారు. మిగతా రోజుల్లో వాళ్ళంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల బిల్డింగుల్లో ఉంటారు, తుడుస్తూ, కాపలా కాస్తూ, కార్లు నడుపుతూ.

పీపీటీ పట్టుకెళ్ళాను. రంగుల మ్యాపులు, బాణాలు. ఏ నేల ఎంత ఊగుతుందో ముందే తెలిస్తే దానిమీద ఇల్లు ఎలా కట్టాలో తెలుస్తుందని చెప్పాను. ముందు వరసలో ఒకాయన హాయిగా నిద్రపోయాడు. బాలనర్సయ్య అని బస్తీ పెద్దమనిషి లేచి, గిది చెరువు హద్దు కొలిచే మిషనా, రేపు బుల్డోజర్లొచ్చి మా ఇండ్లు కూలగొడ్తయా, ముందుగాల గది చెప్పున్రి అన్నాడు. కాదండి, ఇది రాయిని వింటుందండి అన్నాను. హాలంతా నవ్వింది. రాళ్ళు ఏం మాట్లాడ్తయని వెనక నుంచి ఎవరో అడిగారు.

చివరి స్లైడు మీద నాకు చాలా ఆశ ఉండింది. మీరు సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నారు, ఆ పన్నులతోనే ఈ మిషన్ కొన్నాం, ఇది మాది కాదు, మీది అని గొంతు పెంచి చెప్పాను. చప్పట్లు వస్తాయనుకున్నాను.

లచ్చమ్మ అనే ముసలావిడ లేచి, మాదైతే మమ్మల్ని అడగకుండ ఎట్ల పెట్టిన్రు బిడ్డా అంది.

దానికి నా దగ్గర స్లైడు లేదు. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆఖరికి బాలనర్సయ్య తీర్మానం చెప్పాడు. దసరా దాకా ఊకుంటం, పండుగ అయినంక మీ మిషన్ మీరు తీస్కపోన్రి అని. మైకు ఆపి వైర్లు చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను. కోపంతోనే అనుకుంటాను.

ఆగస్టు 25

మాదైతే మమ్మల్ని అడగకుండ ఎట్ల పెట్టిన్రు. పొద్దుట్నుంచి ఇదే మాట చెవిలో తిరుగుతోంది.

సెప్టెంబర్ 6, శనివారం

మిషన్‌కి కరెంటు అంజమ్మ అనే ఆవిడ ఇంట్లోంచి వస్తుంది. వైరు లాగిన మా టెక్నీషియన్లే ఆవిణ్ణి అడిగారు, నేను అడగలేదు. ఇన్ని నెలలు ఆ ఇంటి గుమ్మం ముందు నుంచే గుట్ట ఎక్కాను, ఆవిడ పేరు ఇవాళే తెలిసింది. నారాయణపేట దిక్కు వాళ్ళు. ఆవిడ ఒక ఐటీ టవర్లో హౌస్‌కీపింగ్. భర్త రాజయ్య నైట్ సెక్యూరిటీ.

ఒకటే గది. వెనక గోడ కట్టలేదు, గుట్ట రాయే గోడ. నేల కూడా సగం రాయే, తొక్కి తొక్కి నున్నగా అయింది. అంజమ్మ గారూ అని పిలిస్తే నవ్వింది. గారు గీరు వద్దు, అక్కా అను చాలు అంది. చాయ్ పోసి, ఇంతకు నీ మిషన్ ఏం వింటది, నాకు సమజయ్యేటట్టు చెప్పు అంది.

లారీలు వింటుంది అన్నాను. పేలుళ్ళు వింటుంది. వాటన్నిటి అడుగున, ఐదారు సెకన్లకోసారి మెల్లగా ఒక ఊపు వస్తుంది. అది సముద్రం. అక్కడ అలలు నీటి అడుగున నేలని నొక్కితే, ఆ ఒత్తిడి రాళ్ళలోంచి నడుచుకుంటూ ఇక్కడిదాకా వస్తుంది. వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. కాలికి తెలియదు, మిషన్‌కి తెలుస్తుంది.

మాది భీమిలి అని కూడా చెప్పాను. ఏప్రిల్‌లో ఆఫీసు స్క్రీన్ మీద ఆ ఊపు మొదటిసారి చూసినప్పుడు లంచ్‌కి కూడా లేవలేదని చెప్పాను. ఇదంతా పీపీటీలో లేదు. ఎందుకు పెట్టలేదో.

అంజమ్మక్క కప్పు కింద పెట్టి, గీ రాయిలకెల్లియా అని గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఆవిడ సముద్రం చూడలేదట. ఓసారి బస్తీవాళ్ళంతా బస్సు మాట్లాడుకుని వైజాగ్ పోయారట, సూపర్‌వైజర్ సెలవు ఇయ్యలేదట. ఒక్కపారి నాకు చూపియ్యి బిడ్డా అంది. సముద్రంలో వాయుగుండం పుడితే గీత బాగా లావవుతుంది, ఆ రోజు లాప్‌టాప్ తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను.

వచ్చేముందు రాజయ్యకి పెట్టె మూత తీసి ఎర్ర స్విచ్ చూపించాను. ఉరుములు మెరుపులు దగ్గరగా వస్తే ఇది ఆపండి, అవి పోగానే మళ్ళీ వెయ్యండి అని. గింతేనా, ఫికర్ చెయ్యకున్రి మేడమ్ అన్నాడు.

సెప్టెంబర్ 24, బుధవారం, ఉదయం 11

ఆదివారం నుంచి రోజూ సాయంత్రం ఏడయ్యేసరికి కొత్త సిగ్నల్ ఒకటి వస్తోంది. తాళం వేసినట్టు ఒకే వేగం. కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలు. రోజురోజుకీ బలం పెరుగుతోంది. పునాది గుంటలో నీళ్ళు తోడే పంపు అయ్యుండాలి. రేపు వెళ్ళి ఎక్కడుందో పట్టుకుని ఆపించాలి. ఒక తలనొప్పి పోతే ఒకటి.

సెప్టెంబర్ 25, గురువారం

ఏడింటికి ఇక్కడ ఏ పంపు వేస్తారక్కా అని అంజమ్మక్కని అడిగాను. లాప్‌టాప్‌లో గీత చూపించాను, ఇదిగో దడ్ దడ్ మని ఇలా అని. ఆవిడ ఒక నిమిషం చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గుమ్మంలో కూలబడింది. నవ్వు ఆగడం లేదు. లచ్చమ్మని పిలిచి చూపించింది. లచ్చమ్మకీ అదే నవ్వు. నాకు ఒళ్ళు మండింది.

పంపు చూపిస్త రా అని నా చెయ్యి పట్టుకుని గుట్ట కింది మైదానానికి తీసుకెళ్ళారు. మధ్యలో గునుగుపూలు, తంగేడు, బంతి పేర్చిన పళ్ళేలు. చుట్టూ ఆడవాళ్ళు. ఒక అడుగు, వంగడం, చప్పట్లు. మళ్ళీ ఒక అడుగు. అందరి పాదాలూ ఒక్కసారే నేలకి తగులుతున్నాయి.

బతుకమ్మ. నా పంపు.

హైదరాబాద్ వచ్చి పదేళ్ళు. మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్ కింద కూడా ఆడతారు, నేను చప్పుడని బాల్కనీ తలుపు వేసుకుంటాను. ఇవాళ గట్టు మీద కూర్చుని చీకటిపడేదాకా చూశాను. అద్దాల బిల్డింగుల లైట్లు చెరువులో పడి వణుకుతున్నాయి. ఆ లైట్ల మీదుగా పాట ఎటో వెళ్తోంది. నా కింద రాయి. ఈ అడుగులన్నీ దానిలోకి దిగుతున్నాయని తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే, ఆ సంగతి చెప్పకపోతే పాపం అనిపించింది.

సెప్టెంబర్ 30, మంగళవారం

బతుకమ్మ రోజుల గీతలన్నీ ఒకే పొడవాటి కాయితం మీద ప్రింట్ తీసి హాలు గోడకి అతికించాను. మాటలు పెట్టలేదు, బాణాలు పెట్టలేదు. ఇవి మీ అడుగులు అని మాత్రం చెప్పాను.

డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు వచ్చినట్టే గోడ దగ్గర నిలబడ్డారు. ఇది సోమవారం, వాన పడ్డది, మధ్యల ఉరికినం చూడు అని ఒకావిడ. మా కోడలు వచ్చింది గీడికెల్లే అని ఇంకొకావిడ. ఆరో రోజు గీత చదునుగా ఉంది, ఆ సాయంత్రం మిషన్‌కేమైనా అయిందేమో అన్నాను. ఏం కాలే, ఆ దినం బతుకమ్మ అలిగింది, ఎవరం ఆడలే, మిషన్‌కు గూడ ఎరుకున్నదని లచ్చమ్మ మురిసిపోయింది.

బాలనర్సయ్య అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండుసార్లు నడిచాడు. గిన్నెల సంగతి అడిగాడు. పేలుళ్ళ గీతలు వేరే కాయితంలో చూపించాను, మధ్యాహ్నం పూట నిలువుగా లేచిన గీతలు. అయితే గీ మిషన్ మా దిక్కే ఉన్నదన్నట్టు అన్నాడు. తర్వాత అందరికీ వినపడేట్టు, ఉండనియ్యిన్రి, మన మిషనే గద అన్నాడు.

ఆ కాయితం చూసుకుంటున్న ముఖాలు ఇంకా కళ్ళ ముందున్నాయి. ఇవాళ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, ఆడమని లాగారు. నాకు అడుగు పడలేదు. ఇవాళ్టి రికార్డులో ఎక్కడో ఒక తప్పుటడుగు ఉంటుంది, అది నాది.

అక్టోబర్ 2, గురువారం, సాయంత్రం 4

డేటా రావడం లేదు. పొద్దున ఆరున్నర నుంచి గీత లేదు. ఫోన్‌లో మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాను. మోడెం పోయిందా? అంజమ్మక్క ఫోన్ ఎత్తడం లేదు. దసరా, క్యాబ్‌లు కూడా దొరకడం లేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

తెల్లారగానే వెళ్ళాను. పెట్టె కడిగి ఉంది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మూత మీద నిమ్మకాయ. పక్కన జమ్మి ఆకు. ఎర్ర స్విచ్ ఆపి ఉంది.

అంజమ్మక్క ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. నిన్న ఆయుధ పూజ గద, ఇండ్ల మిషన్లన్ని ఆపి బొట్లు పెట్టినం, ఆటోలకు, కుట్టు మిషన్లకు, పిండి గిర్నీకి, దీనికొక్కదానికి సెలవు లేకపోతే ఎట్ల, ఏప్రిల్‌లకెల్లి ఒక్క పూట పండుకోలే పాపం, నువ్వే మాది అంటివి గద, మా మిషన్‌కు మేం సెలవిచ్చినం అంది. నిన్న పూజ చేశాక రాజయ్య స్విచ్ వేస్తానంటే ఆవిడే ఆపిందట, దినమంత పండుకోనియ్యిన్రి అని. రాజయ్య మాత్రం పండుగ, గాంధీ తాత ఒక్కనాడే వచ్చిన్రు, దుకాణాలు బందు, ముక్క లేని దసరా ఎన్నడన్న చూసినమా అని ఇంకా అదే బాధలో ఉన్నాడు.

నేను రాయి మీద కూర్చుండిపోయాను. అరవాలనుకున్నాను.  ఈ రికార్డు తెగకూడదక్కా, ఏడాది పాటు ఆగకుండా ఉంటేనే దీనికి విలువ అని చెప్పేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. అఖండ దీపమని ముందుగాల చెప్పాలె గద బిడ్డా, చెప్తే కావలి ఉంటుంటిమి అంది.

చెప్పలేదు. మిషన్ ఏమిటో చెప్పాను, ఎవరిదో చెప్పాను, మీరేం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. వాళ్ళకి చేతనైన ప్రేమ వాళ్ళు చేశారు. స్విచ్ వేశాను. దండ తియ్యబుద్ధి కాలేదు.

అక్టోబర్ 4

పేపర్లో చూశాను. దసరా రోజు బంగాళాఖాతంలో వాయుగుండం. సముద్రం మా రాయి దాకా వచ్చి, తలుపు వేసి ఉంటే వెళ్ళిపోయింది.

అక్టోబర్ 13, సోమవారం

రివ్యూ కమిటీకి రిపోర్టు పంపాలి. డేటా ఎందుకు తెగిందో కారణం రాయాలి. పట్టాభిరామయ్య గారు విషయం అంతా విని, పవర్ ఫెయిల్యూర్ అని రాసెయ్యమ్మా, అందరూ రాసేదే, కరెంటు పోవడం ఎవరి తప్పూ కాదు, స్టేషన్ నిలబడుతుంది అన్నారు. మనుషులు ఆపారని రాస్తే మాత్రం అక్కడ ఉంచనివ్వరట.

పవర్ ఫెయిల్యూర్ అని టైప్ చేశాను. పంపలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

పొద్దుట్నుంచి ఆ రెండు ముక్కల్నే చూస్తూ కూర్చున్నాను. నాకు ఆ రాయి కావాలి. ఎంత కావాలో ఎవరికి చెప్పినా అర్థం కాదు. కానీ ఆగస్టులో మైకు పట్టుకుని ఇది మీది అన్నాను. ఇప్పుడు వాళ్ళు చేసిన పనిని కరెంటు ఖాతాలో వేస్తే, ఆ మాట ఉత్త స్లైడే అవుతుంది.

చెరిపేసి, హాలిడే గివెన్ బై ఓనర్స్ అని రాశాను. పంపేశాను.

అక్టోబర్ 22, బుధవారం

కమిటీలో ఒకాయన నవ్వాడట. ఇంకొకాయన నవ్వలేదట. నెలాఖరు దాకా ఉంచి, తీసి, జనం లేని చోటికి మార్చమన్నారు. దేవరకొండ అవతల ఒక గుట్ట. పట్టాభిరామయ్య గారు కోప్పడలేదు. మంచి రాయి పోగొట్టుకున్నావమ్మా అన్నారు అంతే. ఆయన అటు తిరగగానే ఏడ్చాను.

అక్టోబర్ 28, మంగళవారం

తుఫాను. కాకినాడ వైపు తీరం దాటుతుందంటున్నారు. ఇక్కడ పొద్దుట్నుంచి ముసురు. ఐటీ వాళ్ళందరికీ వర్క్ ఫ్రమ్ హోమ్, రోడ్లు ఖాళీ. అంజమ్మక్కకి అలాంటి సౌకర్యం లేదు, మూడింటికి షిఫ్టు దిగి తడుస్తూ వచ్చింది. నేను అప్పటికే వాళ్ళింట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

మిషన్ తీసేస్తున్నారని ముందే చెప్పేశాను. మా వల్లనేనా అంది. నేను అబద్ధం రాసి ఉంటే ఉండేదక్కా అన్నాను. మరెందుకు రాయలే అంది. మీ మిషన్ కదా, మీరిచ్చిన సెలవుని దొంగ సెలవు ఎలా చేస్తాను అన్నాను. ఆవిడ తడి తల తుడుచుకోకుండానే చాయ్ పెట్టింది.

తర్వాత స్క్రీన్ తిప్పాను. గీత రోజూ ఉన్నట్టు లేదు. లావుగా, బరువుగా, లేస్తోంది, పడుతోంది, లేస్తోంది. అన్ని లారీల కిందనుంచీ, అన్ని చప్పుళ్ళ కిందనుంచీ. ఇదేనా అంది. ఇదే అన్నాను. ఇదిగో ఈ క్షణానికి అక్కడ ఒక పెద్ద అల.

అంజమ్మక్క స్క్రీన్ ఎక్కువసేపు చూడలేదు. చాప పక్కకి జరిపి, ఉత్త రాతి మీద పడుకుని చెంప ఆనించింది. కళ్ళు మూసుకుంది. గీత లేచినప్పుడల్లా నేను వేలితో నేల మీద మెల్లగా కొట్టాను, ఇప్పుడు, ఇప్పుడు అని. కాసేపటికి నా వేలికంటే ముందే ఆవిడ తల ఊగుతోంది. నాకు అలా అనిపించిందేమో. బయట వాన, గదిలో కిరోసిన్ దీపం రంగు వెలుతురు, రేకుల మీద చినుకులు. నేనూ పడుకున్నాను. భీమిలిలో చిన్నప్పుడు మధ్యాహ్నం నిద్రకి ముందు ఇలాగే ఉండేది.

గిన్ని దినాలు దీని మీదనే పండుకున్ననా అంది అంజమ్మక్క.

నవంబర్ 1, శనివారం

తీసేశాం. వ్యాన్ వచ్చేసరికి బస్తీ అంతా గుట్ట కింద ఉంది. పొమ్మన్ననాడు పోకపోతివి, ఉండుమన్ననాడు పోతున్నవు అని బాలనర్సయ్య నన్నే అన్నాడు, కానీ పెట్టె ఒక పక్క తనే పట్టుకుని దించాడు.

పసుపు కలిపిన బియ్యం తెచ్చారు. పుట్టింటి నుంచి పోయే ఆడబిడ్డకి ఒడిబియ్యం పోస్తారట. నాకు పోద్దామని అంజమ్మక్క చున్నీ పట్టమంది. పెండ్లి గాని పిల్లకు పొయ్యరే అని లచ్చమ్మ అడ్డుపడింది. అయితే మిషన్‌కు పోద్దాం, పోయేది అదే గదా అని అంజమ్మక్క అంది. కొత్త రవికె గుడ్డలో బియ్యం మూటకట్టి పెట్టె మీద పెట్టారు. ఏడ్చుకుంట పోకు, మంచిగ విను అని దానికే చెప్పింది లచ్చమ్మ.

వ్యాన్లో ఆ మూట నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. 

నవంబర్ 23, ఆదివారం

అంజమ్మక్క ఫోన్. ఇయ్యాల సముద్రం ఎట్లున్నదని అడిగింది. దేవరకొండ గీత తెరిచి చూసి, మెల్లగా ఉందక్కా అన్నాను. జర ఆగు అంది. చాప జరిపిన చప్పుడు, ఫోన్ నేల మీద పెట్టిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, అవును, ఈడ గూడ మెల్లగనే ఉన్నది అంది.